మెత్తటి సీటు

"కూర్చో," అన్నాడు మేస్త్రి. "కాళ్ళు ఆ చిన్న పీట మీద పెట్టు. మోకాళ్ళు కాస్త పైకి రావాలి. ఇప్పుడు హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగు. కదలకు."

చిన్నల్లుడు ముడతల అట్టముక్క మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. కూర్చుని, "గుడ్డు పెట్టమంటారా అన్నయ్యా?" అన్నాడు.

సైకిళ్ళ దుకాణం పనివాళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు. గల్లాపెట్టె దగ్గర ఓనరు కూడా నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. పదకొండేళ్ళుగా ఇదే గదిలో ఇలాంటి అట్టల మీద ఎన్ని వందల మందిని కూర్చోబెట్టాడో. ఒక్కరోజు కూడా ఓనరు పళ్ళు బయటపడలేదు.

ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కని మేస్త్రి చేసుకుంటే, చెల్లెల్ని ఈ కళ్ళద్దాల షాపు మనిషి చేసుకున్నాడు. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే అత్తవారింట్లో గాలి మారిపోయింది. మామగారికి పేకాట జత ఇతనే. అత్తగారి కొసరు వడ్డన ఇతనికే. మామగారు మేస్త్రిని "మీరు" అంటాడు, చిన్నల్లుణ్ణి "నువ్వు" అంటాడు. పైకి చూస్తే మర్యాద మేస్త్రికే ఎక్కువ. కానీ ఆ "మీరు" విన్నప్పుడల్లా చెప్పులు విడిచే చోట నిలబెట్టి మాట్లాడినట్టుంటుంది మేస్త్రికి.

ఆ ఇంట్లో అతనికి మిగిలింది ఒక్క పతకం. సైకిల్ క్లబ్బు వాళ్ళ రెండు వందల కిలోమీటర్ల రైడు పూర్తి చేసినందుకు ఇచ్చింది. మామగారి ముందుగదిలో అద్దాల బీరువాలో వేలాడుతోంది. ఎవరొచ్చినా "ఇది మా పెద్దల్లుడిది" అని చూపిస్తాడాయన. ఇప్పుడు చిన్నల్లుడు అదే రైడుకి పేరిచ్చాడు. ఈ ఆదివారమే. ఉదయం అయిదుకి మొదలు, సాయంత్రం ఆరున్నరకల్లా రెండు వందలూ పూర్తి కావాలి.

"లేవొచ్చు."

అట్ట మీద కూర్చునే ఎముకల చోట రెండు గుంటలు పడ్డాయి. మేస్త్రి వాటి మధ్యన సుద్దతో చుక్కలు పెట్టి, ఇనప స్కేలు ఆనించాడు. నూట ఇరవై ఆరు మిల్లీమీటర్లు. దానికి ఇరవై దాకా కలుపుకోవాలి. అంటే నూట నలభై అయిదు వెడల్పు, గట్టి సీటు, మధ్యలో గాడి, కింద ఉక్కు పట్టీలు. రెండో వరసలో చివరిది. మనసు చెప్పకముందే చెయ్యి అటు వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే చిన్నల్లుడి ఫోను మోగింది.

"ఆఁ అత్తయ్యా! అన్నయ్య దగ్గరే ఉన్నా, సీటు చూస్తున్నారు... ముగింపు దగ్గరికా? మావయ్య కూడానా? అందరూ వస్తే నేను సిగ్గుతో సైకిలు దిగనే దిగను!" పకపకా నవ్వాడు.

మేస్త్రి చెయ్యి గాల్లో ఆగిపోయింది. తను పతకం తెచ్చుకున్న రోజున ముగింపు గీత దగ్గర తన కోసం నిలబడింది వాచ్‌మన్ ఒక్కడే. అదీ గేటు మూసుకోవాలని.

చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు.

ఫోను పెట్టేసి చిన్నల్లుడు సీట్ల బల్ల చుట్టూ తిరిగాడు. ఒక్కొక్కటీ అరచేత్తో అదిమి చూస్తూ పెద్ద జెల్ సీటు దగ్గర ఆగిపోయాడు. దానికి దుకాణంలో 'సోఫా' అని పేరు. సాయంత్రం పూట వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాళ్ళకి అమ్ముతారు. బొటనవేలితో నొక్కితే గోరుదాకా దిగిపోతుంది. పరీక్షకని ఉంచిన సైకిలుకి పనివాడు దాన్ని బిగించాడు. చిన్నల్లుడెక్కి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! అన్నయ్యా, దీని మీద రెండొందలేం ఖర్మ, నిద్రపోతూ నాలుగొందలు తొక్కొచ్చు. ఇది బావుందా?"

మేస్త్రికి ఆ సీటు సంగతి తన చేతి రేఖలంత బాగా తెలుసు. దుకాణంలో పది నిమిషాలు స్వర్గం. నలభయ్యో కిలోమీటరు దగ్గర ఎముకలు జెల్‌లోకి కూరుకుపోతాయి. మధ్య భాగం పైకి ఉబ్బుతుంది. అరవైకి తిమ్మిరి. ఎనభైకి అంచులు తొడల్ని ఒరిపిస్తాయి. వంద దాటితే నిలబడి తొక్కాల్సిందే. నిలబడి ఎవడూ రెండు వందలు తొక్కలేడు.

"హాయిగా ఉందా?" అనడిగాడు మేస్త్రి.

"బ్రహ్మాండంగా ఉంది. కానీ మీరైతే ఏది తీసుకుంటారు?"

"నా సంగతెందుకు? నీ ఒళ్ళు నీది."

అబద్ధం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మేస్త్రి ఆ మాట లోపల రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత సోఫాని చిన్నల్లుడి సైకిలుకి తనే బిగించాడు. బోల్టు ఎంత బిగించాలో అంతే బిగించాడు. పనిలో వంక పెట్టడానికి లేదు.

మర్నాడు శుక్రవారం రాత్రి భోజనాలు మామగారింట్లో. ముందుగదిలో గోడకి ఆనించిన ఆ సైకిలు కొత్త పెళ్ళికూతురిలా అందరి చేతా ముట్టించుకుంది. అత్తగారు సీటు మీద చెయ్యేసి, "దిండులా ఉందే!" అంది. మరదలు ఎక్కి కూర్చుని ఫోటో దిగింది. మామగారు మేస్త్రి వైపు తిరిగి, "మంచిది ఏరి ఇచ్చారండీ. చేతిలో పని ఉన్నవాళ్ళు మీరు," అన్నాడు. వెంటనే చిన్నల్లుడి భుజం మీద చరిచి, "ఇక నీకు అడ్డేముందిరా! బీరువాలో పక్కన మేకు కొట్టి ఉంచుతా," అన్నాడు.

"రెండు కొట్టండి మావయ్యా. ఒకటి పతకానికి, ఒకటి నన్ను తగిలించడానికి. దిగేసరికి మనిషిననిపించను."

ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వులో మేస్త్రి భార్య కూడా ఉంది. నవ్వుతూనే గ్లాసులు తీసుకెళ్ళడానికి వంగి, దారిలో ఉన్న సైకిలు సీటుని బొటనవేలితో నొక్కింది. వేలు గోరుదాకా దిగింది. నవ్వు ఆగింది. మళ్ళీ నొక్కింది. తలెత్తి భర్తని చూసింది. మేస్త్రి చూపు తిప్పుకుని మంచినీళ్ళు తాగాడు.

ఇంటికొచ్చి తలుపు వేయగానే మొదలుపెట్టింది.

"వేలు దిగితే ఒళ్ళు దిగుతుంది, దూరం వెళ్ళేవాడికి మెత్తన పనికిరాదు. ఈ మాట పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నా. నిద్రలో అడిగినా చెప్తా. మరి అతనికి చెప్పలేదా?"

"అతనే ఏరుకున్నాడు."

"అతనికి తెలిసి ఏరుకున్నాడా?"

"తెలీకపోతే అడగాలి."

"అడగలేదా?"

మేస్త్రి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. అది జారి కింద పడింది. తీసి మళ్ళీ తగిలించాడు.

"అంత జాలిగా ఉంటే నువ్వే చెప్పు," అన్నాడు చివరికి. "అతని జోకులకి నవ్వేది నువ్వేగా."

"నేను చెప్తే మీరు దొంగవుతారు. మీరు చెప్తే మతిమరుపు మనిషవుతారు, అంతే. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పండి. 'పొరపాటయింది తమ్ముడూ' అంటే పోయేదేముంది?"

శనివారం మధ్యాహ్నం భోజనం వేళకి మేస్త్రి నిజంగానే వెళ్ళాడు. నూట నలభై అయిదు సీటు కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని, సీటు బోల్టు విప్పే ఆరు నంబరు అలెన్ కీ ఒకటి జేబులో వేసుకుని, దారంతా మాటలు కూర్చుకున్నాడు. 'నిన్న రాత్రి ఆలోచించా. నీకది సరిపోదు.' కాదు, అలా అంటే మొన్నెందుకు ఆలోచించలేదంటాడు. 'స్టాకు ఇవాళే వచ్చింది.' ఇది బావుంది.

కళ్ళద్దాల షాపు అద్దాల తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

లోపల తన భార్య ఉంది. ఎత్తు కుర్చీలో కూర్చునుంది. చిన్నల్లుడు ఎదురుగా నిలబడి, ఆమె కళ్ళజోడు కాడని చిన్న దీపం వేడికి చూపించి, మెల్లగా వంచి, చెవి వెనక అమర్చి చూస్తున్నాడు. తీసి, ఇంకో రవ్వంత వంచి, మళ్ళీ పెట్టాడు. ఆ వేళ్ళలో తొందర లేదు. పని తెలిసినవాడి వేళ్ళు. మేస్త్రికి ఆ సంగతి చూడగానే తెలిసింది, అది ఇంకా మండించింది. చిన్నల్లుడు ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, తల వెనక్కి వాల్చి, భుజాలు ఊగేలా నవ్వింది. ఆ నవ్వు మేస్త్రి ఎప్పుడు చూశాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

తలుపు తెరవకుండానే తిరిగొచ్చేశాడు. సీటు తీసుకెళ్ళి రెండో వరసలో చివర, ఉన్నచోటే పెట్టేశాడు.

సాయంత్రం భార్య అడిగింది: "చెప్పారా?"

"నువ్వు వెళ్ళావుగా. నువ్వే చెప్పి ఉంటావు."

ఆమె ముఖం పాలిపోయింది. "చెబుదామనే వెళ్ళా. కళ్ళజోడు వంకన. మిమ్మల్ని తలుచుకుంటే నోరు రాలేదు. అతనేదో అన్నాడు, నవ్వేసి వచ్చేశా." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం.

రైడుకి దుకాణం తరఫున రిపేరు బల్ల పెట్టడం మేస్త్రి పని. నూట పదో కిలోమీటరు దగ్గర ఒక బడి ఆవరణలో క్లబ్బు వాళ్ళు మజిలీ పెట్టారు. అక్కడ రైడర్ల కార్డు మీద ముద్ర వేస్తారు. పన్నెండూ ఇరవైకల్లా మజిలీ దాటి కదలనివాళ్ళ పేరు కొట్టేస్తారు. ఓనరు దుకాణం వ్యాను పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకి విజిటింగ్ కార్డులు పంచుతున్నాడు.

పది నుంచి రైడర్లు రావడం మొదలైంది. మేస్త్రి గొలుసులకి నూనె వేస్తున్నాడు, బ్రేకులు బిగిస్తున్నాడు, కళ్ళు మాత్రం రోడ్డు మలుపు మీదే ఉన్నాయి. పదకొండయింది. రాలేదు. పదకొండున్నర. రాలేదు. మేస్త్రి గుండెల్లో ఏదో హాయిగా సర్దుకుని కూర్చుంది. దాన్ని చూసి అతనికే భయమేసింది.

పదకొండూ నలభై ఎనిమిదికి మలుపులో ఒక సైకిలు కనిపించింది. మనిషి సీటు మీద లేడు. పెడల్స్ మీద నిలబడి, తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ వస్తున్నాడు. గేటు దగ్గరికొచ్చి దిగబోయి కాలు ఎత్తలేక సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయాడు. ఇద్దరు పట్టుకున్నారు. చిన్నల్లుడు. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. నిక్కరు లోపలి అంచున, తొడ మీద, రక్తం చారలు కట్టింది.

ముద్ర వేసే క్లబ్బు పెద్దాయన సీటు మీద వేలు పెట్టి చూసి మండిపడ్డాడు. "ఈ సోఫా మీద నూట పది తొక్కావా? ఎవడయ్యా నీకిది అంటగట్టింది?"

మేస్త్రి చేతిలో స్పానరు బిగుసుకుపోయింది. ఓనరు కుర్చీలోంచి లేచాడు.

చిన్నల్లుడు అందర్నీ ఒకసారి చూశాడు. మేస్త్రిని చూడలేదు. "ఎవరూ కాదండీ. నేనే మెత్తగా ఉందని పట్టుబట్టా. మా అన్నయ్య వద్దనే అన్నారు. వింటేగా!"

"చూశావా మేస్త్రీ," అన్నాడు ఓనరు, అందరికీ వినబడేలా. "మన మాట వినకపోతే ఇంతే మరి."

మేస్త్రి తల ఊపాడు. ఊపినందుకు మెడ నరం పట్టేసినట్టయింది. చిన్నల్లుణ్ణి రెక్క పట్టుకుని వ్యాను వెనక్కి తీసుకెళ్ళాడు. నీళ్ళిచ్చాడు. చిన్నల్లుడు నిలబడే తాగాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"మీకు తెలుసా, తెలీదా? ముందది చెప్పండి."

మేస్త్రి నేల చూశాడు. "తెలుసు."

"డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర ఒక రైడరు చెప్పాడు. సైకిళ్ళ షాపులో నేల ఊడ్చేవాడికైనా తెలుస్తుంది బాబూ అన్నాడు. అక్కణ్ణుంచీ దారంతా మిమ్మల్ని తిడుతూనే ఉన్నా." చిన్నల్లుడి గొంతులో జోకు లేదు. అలాంటి గొంతు మేస్త్రి వినడం అదే మొదలు. "మీ కోసం ఆ అబద్ధం చెప్పలేదన్నయ్యా. అంత మంచోణ్ణి కాదు నేను. మీరు మోసం చేశారని చెప్తే అందరూ నన్ను ఏమంటారు? 'పాపం' అంటారు. ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజునే ఆ పతకం చూపించి, 'మా పెద్దల్లుడు ఇంత తొక్కాడు, చేతిలో పనుంది, ఎవరినీ నవ్వించాల్సిన అవసరం లేదు' అన్నారు మావయ్య. నా దగ్గరేముంది? అందుకే నవ్విస్తున్నా. నవ్వించకపోతే ఆ ఇంట్లో నేనెవర్ని? ఒక్కసారి ఇది తొక్కితే ఇక నవ్వించక్కర్లేదనుకున్నా."

తను కడుపు మండించుకుంటున్న మనిషి తన మీదే కడుపు మండించుకుంటున్నాడని ఎవరైనా నిన్న చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు. ఇప్పుడు నమ్మాడు. నమ్మినా మంట తగ్గలేదు. మామగారు తన గురించి ఆ మాట తనతో ఒక్కసారైనా అనలేదే అని ఇంకోవైపు నుంచి అంటుకుంది.

గడియారం చూశాడు. పదకొండూ యాభై ఆరు.

"నువ్వు కాళ్ళు ఎడంగా పెట్టి గోడకి ఆనుకుని నిలబడు. వ్యానులో మందు డబ్బా ఉంది, తొడలకి రాసుకో. నేనొస్తా."

"ఎక్కడికి?"

"సీటు తేవడానికి."

రిపేరు బల్ల మీద ట్యూబులున్నాయి, తీగలున్నాయి, గొలుసులున్నాయి. సీటు ఒక్కటీ లేదు. కానీ బడి గోడ వెంబడి అయిదు సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. ఇక తొక్కలేమని ఆగిపోయినవాళ్ళవి. మేస్త్రి దాదాపు పరిగెత్తాడు. మొదటిది పందేల సీటు, అరచెయ్యి వెడల్పు కూడా లేదు. రెండోది తోలుది, మేలైన సరుకు. కానీ తోలు దాని యజమాని ఒంటికి లొంగి రెండు గుంటలు పడి ఉంది. ఆ గుంటలు వేరే మనిషివి. ఇంకొకడు ఎక్కితే నరకం. మూడోది కుట్లు విప్పుకుని లోపలి స్పాంజి పొడిగా రాలుతోంది. నాలుగోది చూడగానే ముఖం తిప్పుకున్నాడు. ఇంకో సోఫా.

అయిదోది నల్లటిది. అందంచందం లేదు. బొటనవేలు పెట్టి బలమంతా వేసి నొక్కాడు. చర్మం కదిలింది తప్ప వేలు దిగలేదు. మధ్యలో గాడి. కింద ఉక్కు పట్టీలు, ఎక్కడా వంకర లేదు. టేపు పెట్టి చూశాడు. నూట నలభై నాలుగు.

"ఏంటండీ, నా సైకిలుతో పని?"

మెట్ల మీద ఒక లెక్కల టీచరమ్మ మోకాలి మీద ఐసుముక్కల సంచి పెట్టుకుని కూర్చునుంది.

"మీ సీటు కావాలండీ. సాయంత్రం దాకా. మా తమ్ముడికి."

"ఇవ్వకపోతే?"

"పన్నెండూ ఇరవైకి అతని పేరు కొట్టేస్తారు."

"ఆయన సీటేమైంది?"

మేస్త్రి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "బాలేదండీ."

ఆమె అతని ముఖంలోకి పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది. "తీసుకోండి. తిరిగి రాకపోతే ఇల్లు వెతుక్కుంటూ వస్తా. లెక్కల టీచర్ని, నాకు ఓపిక ఎక్కువ."

పన్నెండూ అయిదు. సోఫా ఊడదీసే ముందు పెడల్ నడిమి బోల్టు నుంచి సీటు పైదాకా టేపు పెట్టి కొలిచాడు. అదే ఎత్తు పెడితే తప్పు. మెత్తది మనిషి కూర్చోగానే వేలెడు దిగుతుంది, గట్టిది దిగదు. అంచేత సీటు రాడ్డుని వేలంత కిందికి దించి, గుర్తుకి ప్లాస్టిక్ టేపు చుట్టాడు. నల్ల సీటు ఎక్కించాడు. సగం నీళ్ళున్న సీసాని దాని మీద పడుకోబెట్టి, నీటి గీత సమంగా నిలిచేదాకా సీటు ముందు కొసని దించాడు, ఎత్తాడు, మళ్ళీ రవ్వ దించాడు. చెమట కళ్ళల్లో పడుతోంది. తుడుచుకోలేదు. పదకొండేళ్ళలో ఇంత తొందరగా, ఇంత జాగ్రత్తగా ఏ సీటూ బిగించలేదు.

"ఎక్కు."

చిన్నల్లుడు కదల్లేదు. "నాకొద్దు. దీంతో గెలిస్తే మీ సీటు వల్ల గెలిచానంటారు."

"ఇది నా సీటు కాదు. లెక్కల టీచరుది."

"పెట్టింది మీరేగా."

"అయితే ఓడిపో. సోఫా మళ్ళీ పెట్టనా? అయిదు నిమిషాల పని." మేస్త్రి అలెన్ కీ ఎత్తి పట్టుకున్నాడు. "నీ ఎముకల కొలత నూట ఇరవై ఆరు. గురువారమే తెలుసు నాకు. ఎక్కరా!"

ఆ 'రా' ఎలా వచ్చిందో మేస్త్రికి తెలీదు. చిన్నల్లుడు ఎక్కాడు. కూర్చోగానే పచ్చి పుండు మీద కారం పడ్డట్టు ముఖం మెలిపెట్టాడు. రెండు గజాలు తొక్కాడు. నాలుగు గజాలు. భుజాలు కిందికి దిగాయి. వెనక్కి తిరగలేదు. పన్నెండూ పదిహేడుకి గేటు దాటాడు.

వ్యాను ముగింపు దగ్గరికి చేరేసరికి సాయంత్రం అయిదున్నర. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అత్తగారు, మరదలు, మేస్త్రి భార్య గీత పక్కనే నిలబడ్డారు. భార్య కళ్ళతోనే అడిగింది. మేస్త్రి వ్యానులోంచి పనిముట్ల పెట్టె దించడం మొదలుపెట్టాడు. ఆరయింది. ఆరూ పది. ఓనరు గడియారం చూసుకుంటూ, "కష్టమే," అన్నాడు. మేస్త్రికి తను దేని కోసం ఎదురుచూస్తున్నాడో తెలియలేదు. రావాలనుంది. రాకపోతే బావుండుననీ ఉంది. రెండూ ఒకే గొంతుతో అరుస్తున్నాయి.

ఆరూ ఇరవై ఒకటికి వచ్చాడు. కూర్చుని తొక్కుతూ వచ్చాడు.

మామగారు ముసలితనం మరిచి పరిగెత్తాడు. అల్లుణ్ణి సైకిలు దిగనివ్వకుండానే రెండు చేతులా వాటేసుకున్నాడు. మేస్త్రి ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. కడుపులో పాత మంట, ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

"సాధించావురా! చెప్పు, మీ అన్నయ్య ఇచ్చిన సీటు ఎలా ఉంది?" అనడిగాడు మామగారు. అప్పుడే కిందికి చూసి, "ఇదేంటి, ఇది వేరేదిగా? దిండు ఏమైంది?" అన్నాడు.

చిన్నల్లుడు జవాబు చెప్పబోయాడు. మేస్త్రికి తెలుసు, ఏదో ఒక జోకు వస్తుంది, అందరూ నవ్వుతారు, అయిపోతుంది. కానీ చిన్నల్లుడు నోరు మూసుకుని, సైకిలు మీద ఒరిగి, మేస్త్రి వైపు చూశాడు.

"నన్ను కాదు మావయ్యా. ఆయన్నడగండి."

అందరూ తిరిగారు. మామగారు, అత్తగారు, మరదలు. విజిటింగ్ కార్డులు చేతిలో పట్టుకుని ఓనరు. కొంగు వేలికి చుట్టుకుంటూ భార్య.

"చెప్పండి," అన్నాడు మామగారు.

మేస్త్రి చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. "ఆ సీటు మంచిది కాదని గురువారమే నాకు తెలుసు మావయ్యా. ఇతను అడిగాడు కూడా. తెలిసే ఊరుకున్నా." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "ఎందుకంటే..."

ఎవరూ ఎటూ చూడలేదు. ఆ ఇంటివాళ్ళంతా ఇంత శ్రద్ధగా అతని మాట వినడం అదే మొదటిసారి.